తెంపి చూడందే ఇవ్వని బాబాయ్

సోమవారం పొద్దున స్కూల్లో ప్రార్థన ముగిసి, పిల్లలు వరసల్లో తరగతులకు వెళ్తుండగా నా ఫోన్ మోగింది. లారీ బాడీలు కట్టే షెడ్డు మేస్త్రి. రోజంతా సుత్తి మోతల మధ్య బతికే మనిషి కాబట్టి ఫోన్లో కూడా అరిచే మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం గొంతు పైకి రాలేదు.

“టీచరమ్మా, పట్టాల బాబాయ్ పోయాడు. టీ తాగి పనిలో కూర్చున్నాడంట. పిన్ని వంటింట్లోంచి వచ్చి చూసేసరికి గోడకి ఆనుకుని ఉన్నాడంట. కునుకు తీస్తన్నాడనుకుందంట పాపం.”

గ్రౌండులో అలాగే నిలబడిపోయాను. పదో తరగతి పిల్ల ఒకతి నా మొహం చూసి వెనక్కి వచ్చింది. “మేడం, తాతేనా?” అంది. ఆయనకు నాలుగు రోజులుగా ఆయాసంగా ఉందని మా పిల్లలందరికీ తెలుసు. నేను తలూపాను. ఆ పిల్ల ఏడవలేదు. “నానమ్మ ఒక్కతే ఉంటదేమో, పోదాం పదండి” అంది.

మధ్యాహ్నం నమాజు తర్వాత మగవాళ్లు ఆయన్ని తీసుకెళ్లారు. మేం ఆడవాళ్లం ఇంట్లోనే పిన్ని చుట్టూ కూర్చున్నాం. కాసేపటికి మా పిల్లల్లో ఒకతి, బాబాయ్ ఒకసారి తన కళ్లజోడు తన తల మీదే పెట్టుకుని షెడ్డంతా వెతికించిన సంగతి చెప్పబోయి, మధ్యలోనే నవ్వాపుకోలేక నోరు మూసుకుంది. పిన్ని ఆ పిల్ల చెయ్యి నోటి మీద నుంచి లాగేసింది.

“నవ్వండే. ఆయనున్నన్నాళ్లు ఈ ఇంట్లోకొచ్చి నవ్వకుండా పోయినోళ్లెవరు?”

పిన్ని మాటే నాకు ధైర్యం. ఈ నాలుగు ముక్కలు నవ్వుతూనే రాస్తాను.

బాబాయ్ నాకు చుట్టం కాదు. మా వీధి వాళ్లందరికీ ఆయన బాబాయే. మాచర్లలో లారీల వాళ్లకు టార్పాలిన్ పట్టాలు కుట్టేవాడు. పత్తి లోడైనా, మిరపకాయల లోడైనా, వానలో తడవకుండా గుంటూరు చేరాలంటే బాబాయ్ కుట్టు మీద భారం వేసి పోవలసిందే. నేను క్రోసూరు నుంచి ఇక్కడి బాలికల స్కూలుకు డ్రిల్లు టీచరుగా వచ్చినప్పుడు వాళ్లింటికి రెండిళ్ల అవతల అద్దెకు దిగాను. ఆయన వాకిట్లో నేల మీద కూర్చుని, అరచేతికి తోలు తొడుగు వేసుకుని, దబ్బనాన్ని ఆ తొడుగుతో నెట్టి నెట్టి కుట్టేవాడు. దారానికి మైనం పట్టించి చెవి దగ్గర పెట్టుకుని వేలితో మీటేవాడు. ఆ మోత నచ్చకపోతే మళ్లీ మైనం పట్టించేవాడు.

నేను ఒక శిబిరంలో నెల రోజులు కొండలెక్కడం నేర్చుకుని వచ్చి, మా స్కూల్లో పదకొండు మంది ఆడపిల్లలకు ఆ విద్య మొదలుపెట్టాను. పెద్ద తాళ్లూ, నడుముకు కట్టుకునే పట్టీలూ, కొక్కేలూ బయటి నుంచి తెప్పించాం. పిల్లలు రాతి మీద ఆగినప్పుడు తమను తాము తగిలించుకోవడానికి ఒక్కొక్కరికీ ఒక పొట్టి తాడు కావాలి. దాని రెండు కొసలా కొక్కెం పట్టే వంపు ఉండాలి. ముడి వేసుకోవచ్చు గానీ, ముడి లావుగా ఉండి రాతి సందుల్లో ఇరుక్కుంటుంది, కంగారులో పిల్లలు తప్పు వేసే ప్రమాదమూ ఉంది. తాడు కొసను మడిచి గట్టిగా కుట్టేస్తే ఆ గొడవ లేదు. ఆ వంపును బాబాయ్ ‘కన్ను’ అనేవాడు.

మొదటిసారి తాడు పట్టుకుని వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు.

“దీంతో దేన్ని కడతావమ్మా? గేదెనా?”

“ఆడపిల్లల్ని, బాబాయ్.”

ఆయన కళ్లజోడు తీసి నావైపు చూశాడు. “ఏందీ?”

కొండెక్కేటప్పుడు కింద పడకుండా అని వివరంగా చెప్పాను. అంతా విని, “ఇంతకీ ఆ పైన ఏముందమ్మా?” అన్నాడు.

“ఏం లేదు బాబాయ్. ఎక్కడమే.”

“ఏం లేని చోటికి ఇంత తాడా!” అని పొట్ట పట్టుకుని నవ్వాడు. లోపలి నుంచి పిన్నిని పిలిచి మరీ ఆ మాట మళ్లీ చెప్పి నవ్వాడు. నవ్వడం అయ్యాక తాడును రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తూ, మెల్లగా అన్నాడు.

“కుడతా. కుట్టటం పెద్ద పనేం కాదు. కానీ ఎంత బరువు ఆపుద్దో నాకు తెలవదు. తెలవంది నేనివ్వను. లారీ మీద పట్టా పిగిలితే మిరపకాయలు తడుస్తయ్. ఇది పిగిలితే?”

ఎట్లా తెలుసుకోవడం అని ఇద్దరం ఆలోచించాం. వాళ్ల పెరటి గోడకు అవతల లారీ బాడీలు కట్టే షెడ్డు. మధ్యలో ఒక తలుపు. షెడ్డులో రెండు ఇనప స్తంభాలు, ఇంజన్లు ఎత్తే చైన్ పుల్లీ ఉన్నాయి. మేస్త్రి రాళ్ల యార్డు నుంచి, బండలు తూచే హుక్కు కాటా అడిగి తెచ్చాడు. ఒక స్తంభానికి కాటా, కాటాకు తాడు, తాడుకు పుల్లీ, పుల్లీకి రెండో స్తంభం. గొలుసు లాగేకొద్దీ తాడు బిగుస్తుంది, కాటా మీద ఎర్ర అంకెలు పెరుగుతాయి. తెగినప్పుడు కొరడాలా ఎగిరి కొడుతుందని తాడు మీద రెండు పాత బొంతలు వేశారు. అందరం ఆగి ఉన్న లారీ వెనక నిలబడ్డాం.

మేస్త్రి గొలుసు లాగుతున్నాడు. నాలుగొందల కిలోలు, ఐదొందలు, ఆరొందలు. ఏడొందలు చూపేసరికి బొంత కింద పటపటమని కుట్లు తెగాయి. కన్ను ఊడి వచ్చేసింది. మా పిల్ల ఒకతి జారి, తాడు మీద ఒక్క ఉదుటున పడితే వచ్చే విసురుకు ఏడొందలు ఏ మూలకూ చాలవు. బాబాయ్ మాత్రం చప్పట్లు కొట్టాడు.

“నువ్వేందయ్యా, నీ కుట్టు ఊడితే సంబరపడతన్నావ్?” అన్నాడు మేస్త్రి.

“ఈడ ఊడింది కాబట్టి. కొండ మీద ఊడలేదు గదా!”

తర్వాత అదే తాడుకు నేను ఎనిమిది ముడి వేసి పెట్టాను. తాడును ఎనిమిది అంకెలా తిప్పి బిగించే ముడి అది. అది పద్నాలుగు వందల దాకా ఆగి, ముడి మెడ దగ్గర ఫట్‌మని తెగింది. బాబాయ్ ఆ తెగిన కొసను వేలితో తడిమాడు. రాపిడికి వేడెక్కి అక్కడ తాడు కరిగి గాజులా గట్టిపడింది. “చూశావా, ముడి లోపల తాడు తనని తనే కోసుకుంటది. అయినా నన్ను ఓడించింది” అన్నాడు. అరవై ఐదు దాటిన మనిషి. పిల్లలు ఆటలో ఓడినప్పుడు పెట్టే మొహం పెట్టాడు.

అప్పటి నుంచి ఆయనకు ముడితో పంతం.

పట్టాలు కుట్టే పని అయ్యాక రోజూ ఒక కన్ను కుట్టేవాడు. కుట్లు అడ్డంగా వేసి చూశాడు, నిలువుగా వేసి చూశాడు. దారం మార్చాడు. మడత పొడవు పెంచాడు. దబ్బనం లావైతే తాడు పోగులు తెగుతున్నాయని సన్న దబ్బనం తెప్పించుకున్నాడు. ప్రతి కన్నూ మొదలుపెట్టేటప్పుడు ‘బిస్మిల్లా’ అనేవాడు. అయిపోయాక, “తెగేటప్పుడు నిజం చెప్పు” అని దానితోనే చెప్పేవాడు. ఆయనకు చదువు రాదు, అంకెలు వచ్చు. షెడ్డు రేకు గోడ మీద సుద్దముక్కతో కన్ను బొమ్మో ముడి బొమ్మో గీసి, పక్కన అది తెగిన అంకె వేసేవాడు. కొన్ని వారాల్లో ఆ గోడ నిండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నాలు షెడ్డులో జాతరలా ఉండేది. మెకానిక్కులు, డ్రైవర్లు, కృష్ణ అవతల నుంచి లోడుతో వచ్చిన లారీల వాళ్లు అందరూ లారీ వెనక చేరేవాళ్లు. కన్ను ముందు పోతుందా, ముడి ముందు పోతుందా అని పందేలు. ఓడినవాళ్లు అందరికీ టీలు పట్టుకురావాలి. నిజం చెప్పాలంటే పిన్నితో పందెం కాయడానికి ఎవరికీ ధైర్యం లేదు. కన్నును ఒకసారి చేతిలోకి తీసుకుని చూసి, ఏ అంకె దగ్గర పోతుందో ఇంచుమించుగా చెప్పేసేది.

“ఏమే, నీకెట్టా తెలుస్తంది?” అన్నాడు బాబాయ్ ఒకరోజు ఉక్రోషంగా.

“నలభై ఏళ్లనించి నీ కుట్టు చూస్తన్నా. ఏది నామీద కోపమొచ్చిన పూట కుట్టావో తెలవదా?”

షెడ్డంతా గొల్లుమంది. అందరికన్నా ఎక్కువ నవ్వింది బాబాయే. మర్నాడు నాతో మాత్రం చెవిలో చెప్పాడు. “ఆమె చెప్పింది నిజమేనమ్మా. కోపంలో కుట్టినయ్యి బిగుసుకుపోతన్నయ్. ముందు ఒక కుట్టు తెగుద్ది, దాని బరువు పక్కదాని మీద పడుద్ది, అన్నీ వరసన పోతన్నయ్. అన్ని కుట్లూ సమానంగా లాగితేనే ఆగుద్ది.” ఆ తర్వాత వారంలోనే ఆయన కన్ను పదిహేడు వందలు దాటి ముడిని ఓడించింది. బాబాయ్ లుంగీ పైకి కట్టి లారీ చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాడు. ఆ పూట టీలన్నీ ఆయనే పోయించాడు.

ఇంతకీ మీకు అసలు సంగతి చెప్పలేదు. ఇన్ని తాళ్లు కుట్టిన బాబాయ్‌కి ఎత్తంటే చచ్చేంత భయం. ఇంట్లో బల్బు మార్చాలన్నా పిన్నే స్టూలు ఎక్కాలి. ఆయన కింద స్టూలు పట్టుకుని, పైకి చూడకుండా కళ్లు మూసుకునేవాడు. లారీ మీద పట్టా కొలత తీసుకోవాలంటే డ్రైవరే పైకెక్కి టేపు పట్టాలి. “కొండ దగ్గరికి ఒకసారి రా బాబాయ్, నీ కన్నుల మీద పిల్లలు ఎట్టా వేలాడతారో చూద్దువు గాని” అంటే, “నువ్వు ఫోన్లో చూపించమ్మా, అదే నాకు తల తిరుగుద్ది” అనేవాడు.

అట్లాంటి మనిషి ఒకరోజు కొండెక్కాడు. ఆ రోజు సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

వెల్దుర్తి దారిలో ఒక కొండ ఉంది. కింద ముప్పై నలభై అడుగుల ఏటవాలు రాతి గుట్ట, దాని మీద నిట్టనిలువు బండ. ఆ ఆదివారం పిల్లల తల్లిదండ్రులను తీసుకొచ్చి, పిల్లలు ఎక్కడం చూపిద్దామని పెట్టుకున్నాను. ఒక పిల్ల తండ్రి, క్వారీలో పని చేసే ఆయన, అసలు ఈ ఆటే వద్దని పట్టుబట్టి ఉన్నాడు. ఆయన వచ్చి కళ్లతో చూస్తే ఒప్పుకుంటాడని నా ఆశ. అప్పటికి పాత పొట్టి తాళ్లు అరిగాయని బాబాయ్ కొత్తవి కుట్టాడు. ఎన్ని కుట్టినా వాటితో పాటు ఒకటి ఎక్కువ కుట్టి, దాన్ని తెంపి చూసి, ఆ తర్వాతే మిగతావి ఇవ్వడం ఆయన పద్ధతి. ఆ వారం మేస్త్రి పెళ్లికని చిలకలూరిపేట వెళ్లాడు, షెడ్డు తాళం వేసి ఉంది.

“తెంపి చూడలేదమ్మా” అన్నాడు బాబాయ్, తాళ్లు చేతిలోనే పట్టుకుని.

“ఎన్నిసార్లు చూశాం బాబాయ్! అదే చెయ్యి, అదే కుట్టు. వచ్చాక తెంపుదాం. ఆదివారం అందరూ వస్తున్నారు” అన్నాను. దాదాపు లాక్కున్నాను. ఆ తొందర నాది.

ఆదివారం పొద్దున్నే మేస్త్రి ఊర్నుంచి వచ్చాడు. బాబాయ్ ఆయన్ని మొహం కూడా కడుక్కోనివ్వకుండా షెడ్డు తీయించి, మిగిలిన ఒక్క తాడునూ పుల్లీకి తగిలించాడు. నాలుగొందల దగ్గర కన్ను ఊడిపోయింది. కుట్టు తప్పు కాదు, దారం తప్పు. కొత్తగా తెచ్చిన ఆ దారపు ఉండ ఎన్నాళ్లు ఎండలో పడి ఉందో, లోపలే చివికిపోయింది. నాకు ఫోన్ చేశారు. కొండ దగ్గర సిగ్నల్ లేదు. బాబాయ్ మేస్త్రి బండి వెనక ఎక్కి కూర్చున్నాడు.

కొండ దగ్గర మా జట్టులో అందరికన్నా ముందుండే పిల్ల బండ మీద సగం దాకా ఎక్కి, చిన్న అరుగు లాంటి చోట ఆగింది. నడుముకు పెద్ద తాడు ఉంది. పొట్టి తాడుతో తనను తాను రాతికి తగిలించుకుని, పెద్ద తాడు విప్పి కిందికి వదలాలి, దాంతో రెండో పిల్ల ఎక్కాలి. నేను గుట్ట పైన, బండ మొదట్లో నిలబడి పైకి చూస్తున్నాను. తల్లిదండ్రులు కింద చెట్ల దగ్గర ఉన్నారు. బండి చప్పుడు విన్నాను గానీ పట్టించుకోలేదు. తర్వాత వెనక నుంచి ఎవరో రొప్పుతున్న చప్పుడు. తిరిగి చూస్తే, ఆ ఏటవాలు గుట్ట మీద బాబాయ్ నాలుగు కాళ్ల మీద పాకుతూ వస్తున్నాడు. చెప్పులు లేవు. మోకాళ్ల దగ్గర లుంగీ చిరిగింది. మొహం రాతి రంగుకు తిరిగింది.

“దాని మీద బరువు పెట్టొద్దమ్మా! దారం మంచిది కాదు! దాని మీద పెట్టొద్దు!”

పైన పిల్ల చేతులు అప్పటికే నడుము దగ్గరి ముడి మీద ఉన్నాయి.

“ముడి విప్పకు! చెయ్యి తియ్!” అని అరిచాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

పిల్ల చేతులు రెండూ పైకెత్తేసింది. పొట్టి తాడు ఊడదీయించి, పెద్ద తాడు మీదే మెల్లగా కిందికి దించాం. కాళ్లు నేలకు ఆనాక, “ఏమైంది మేడం, నేను బాగానే ఎక్కాను గదా?” అంది. బాబాయ్ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

ఊపిరి తీసుకున్నాక ఆయన చేసిన పని నేను మరిచిపోలేను. తల్లిదండ్రులందరినీ గుట్ట మొదట్లోకి పిలవమన్నాడు. పై నుంచే వాళ్లకు వినపడేట్టు గట్టిగా చెప్పాడు. “ఈ తాళ్లు నేను కుట్టినయ్యే. తెంపి చూడకుండా ఇచ్చా. తప్పు నాది.” జేబులోంచి చాకు తీసి, పదకొండు తాళ్ల కన్నులూ ఒక్కొక్కటీ కోసి అందరూ చూస్తుండగా పక్కన పడేశాడు. నేను ముందుకొచ్చి, తొందరపెట్టింది నేనేనని, తప్పు నాదేనని చెప్పాను.

“సరే, చెరిసగం తీసుకుందాం” అన్నాడు బాబాయ్.

క్వారీ ఆయన వైపు చూడ్డానికి నాకు మొహం చెల్లలేదు. చివరికి ఆయనే నోరు తెరిచాడు.

“మా క్వారీలో తాడు తెగినాక చెప్తారు. తెగకముందు వచ్చి చెప్పినోణ్ణి ఇప్పుడే చూస్తన్నా. మా పిల్లని ఎక్కనియ్ టీచరమ్మా. అయితే ఈ పెద్దాయన తెంపి చూసినదాంతోనే ఎక్కాల.”

అందరూ తేలికపడి కదిలారు. బాబాయ్ మాత్రం కదల్లేదు. అప్పుడు గానీ తెలియలేదు. ఆయన పైకి రావడం వచ్చాడు గానీ, ఇప్పుడు కిందికి చూడలేకపోతున్నాడు. బండను రెండు చేతులా వాటేసుకుని, “మీరు పొండి, నేను ఈడనే ఉంటా, అన్నం పంపించండి” అన్నాడు. కింద మేస్త్రి నవ్వీ నవ్వీ కూలబడ్డాడు.

దించడం తప్ప దారి లేదు. పట్టీలు తొడిగాం. ఇందాక దిగిన పిల్లే ఆయన నడుముకు ఎనిమిది ముడి వేసి బిగించింది. బాబాయ్ ఆ ముడిని తడిమి చూశాడు.

“ఇట్టాంటిది షెడ్డులో ఎంత దగ్గర తెగింది?”

“ఈ లావు తాడుకైతే పద్దెనిమిది వందల అరవై, తాతా.”

“నా బరువెంత ఉంటది?”

“యాభై ఐదు. నిన్న నానమ్మ బిర్యానీ చేసిందిగా, యాభై ఆరు అనుకో.”

“అయితే చాలు. దించండి.”

కళ్లు మూసుకుని, పెదాలు కదిలిస్తూ వెనక్కి వాలాడు. మేం మెల్లగా తాడు వదులుతున్నాం. ఆయన పాకుతూ వచ్చింది పక్క దారిన; మేం దించిన వైపు ఏటవాలు అయిపోయాక, చివర ఇంటి ఎత్తున నిలువు రాయి ఉంది. అక్కడ కాళ్లు జారి గాలిలో వేలాడాడు. మేం తాడు బిగబట్టి ఆపాం. రెండు నిమిషాల తర్వాత కింది నుంచి నవ్వు వినిపించింది. ముందు చిన్నగా, తర్వాత కొండంతా మోగేలా.

“ఆపండమ్మా, దించొద్దు! ఇంకాసేపుండనీయండి. ఒరేయ్ మేస్త్రీ, ఫోన్ తియ్యరా, మీ పిన్నికి చూపియ్యాల!”

ఆ ఫొటోలో బాబాయ్ చేతులు రెండూ చాచి ఉన్నాడు. లుంగీ అంతా నడుము దగ్గర చుట్ట చుట్టుకుపోయింది, నోరు తెరిచి నవ్వుతున్నాడు. పిన్ని దాన్ని పెద్దది చేయించి గోడకు పెట్టింది. వచ్చినవాళ్లందరికీ, “ఇదుగో, నలభై ఏళ్లు నాతో బల్బులు మార్పించినాయన” అని చూపించేది.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆయన కుట్టిన తాళ్ల మీద మా పిల్లలు ఎన్ని కొండలెక్కారో. ఒక్క కన్ను కూడా తెంపి చూడకుండా ఆయన ఇవ్వలేదు, నేను అడగలేదు. నేను పిల్లలకు ఎక్కడం నేర్పాను. అనుమానాన్ని దాచుకోకుండా పుల్లీకి తగిలించి చూడటం నాకు నేర్పింది ఆయనే.

ఆయన పోయిన మూడో ఆదివారం పిన్ని కబురు చేసింది. అల్మరాలో పోయిన నెల కుట్టిన పొట్టి తాళ్లు ఆరు ఉన్నాయి. ఐదు మాకు, ఒకటి తెంపడానికి. దాన్ని తెంపబుద్ధి కాలేదు. “ఇది దాచుకుందాం నానమ్మా” అంది పిల్లల్లో ఒకతి.

“దాచుకుంటే మిగతా ఐదూ ఎట్టా వాడతారే? తగిలించండి” అంది పిన్ని.

భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకూడదన్న వాళ్ల ఆచారం కాబట్టి, ఆమె, షెడ్డు వైపు తలుపు తెరిచి, పెరట్లోనే గడప అవతల కుర్చీ వేసుకుని కూర్చుంది. మేస్త్రి గొలుసు లాగాడు. పిల్లలు అంకెలు పైకి చదివారు. పదిహేడు వందలు, పద్దెనిమిది, పంతొమ్మిది. గొలుసు కిర్రుమంటోంది. రెండు వేలు దాటాక పెద్ద చప్పుడు. వెళ్లి చూస్తే కన్నులు రెండూ చెక్కుచెదరలేదు. తాడే నట్టనడుమ తెగిపోయింది. పిల్లలు కేకలు పెట్టి ఎగిరారు.

తెగిన చోటు నుంచి లేచిన తెల్లటి నూగు రేకు సందుల్లోంచి పడే ఎండలో, జిన్నింగ్ మిల్లులో పత్తిలా, తేలుతూ తలుపు వైపు సాగింది. కొంత పిన్ని కొంగు మీద వాలింది. ఆమె దాన్ని దులుపుకోలేదు. మొహం కొద్దిగా పైకెత్తి, ఇంకా గాలిలో ఉన్నదాన్ని చూస్తూ కూర్చుంది.